గీత మీద నిలబడకూడదు

మూడేళ్ల పిల్లలకు లెక్కలు చెప్తానంటే జనం నవ్వేవాళ్లు. "ఒకటీ రెండూ చెప్పడానికి కూడా టీచరు కావాలా?" అని మా చుట్టాల్లోనే ఒకాయన ఎగతాళి చేశాడు. ఆయన్ని ఒక్క పూట మా క్లాసులో కూర్చోబెడితే తెలిసొచ్చేది. ఇరవై మంది పిల్లలు, బకెట్టెడు చింతగింజలు, వాటిని ముక్కులో పెట్టుకోవడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండే ఇద్దరు.

నా పేరు సుగుణ. దిల్‌సుఖ్‌నగర్‌కూ ఎల్బీనగర్‌కూ మధ్య, కొత్తపేట సందులో కిరాయి ఇంట్లో నడిచిన ఒక చిన్న ప్లేస్కూల్లో పనిచేసి రిటైరయ్యాను. మాది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. మా నాన్న అక్కడి చర్చిలో గంట కొట్టేవాడు. పెళ్లయ్యాక కర్మన్‌ఘాట్‌లో రెండు గదుల ఇంట్లో కాపురం పెట్టి ఇక్కడే ఉండిపోయాం.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న అమ్మాయిల కోసం ఇది రాస్తున్నాను. చిన్నపిల్లలకు ఆటలతో లెక్కలు బాగా నేర్పుతుందని నాకు పేరుంది. ఆ పేరు విన్నప్పుడల్లా నాకు నవ్య అనే నాలుగున్నరేళ్ల పిల్ల గుర్తొస్తుంది. నేను పెట్టిన ఒక ఆట నియమం వల్ల ఆ పిల్ల తనకు నిలబడే చోటు లేదనుకుంది. ఆ సంగతి చెప్పకుండా మిగతావి ఎన్ని చెప్పినా దొంగతనమే.

యాదమ్మ పళ్లాలు

చేరిన కొత్తలో నాకేమీ రాదు. ట్రైనింగ్ సర్టిఫికెట్ ఉంది, అంతే. స్కూలు నడిపే రాజ్యలక్ష్మి మేడమ్‌ది గుంటూరు వైపు. మనిషి మంచిదే కానీ, తల్లిదండ్రులంటే ఆమెకు మహా భయం. "సుగుణ గారూ, సంక్రాంతి సెలవుల్లోపు పిల్లలు వంద దాకా చెప్పాలండీ. పక్క వీధి స్కూల్లో చెప్పేస్తున్నారంట" అనేది. నేనూ చెప్పించాను. పిల్లలు గొంతు చించుకుని అరిచేవాళ్లు, అమ్మానాన్నలు మురిసిపోయేవాళ్లు.

ఒకరోజు వంద దాకా గడగడా ఒప్పజెప్పిన పిల్లవాణ్ని దగ్గరికి పిలిచి, "నాకు మూడు గింజలియ్యి నాన్నా" అన్నాను. వాడు గుప్పెడు తీసి నా దోసిట్లో పోశాడు. "ఇవి మూడేనా?" అంటే "ఆ, మూడే" అన్నాడు, ఏమాత్రం బెదరకుండా. నాకు తల కొట్టేసినట్టయింది. వాడికి నేను నేర్పింది ఉత్త పాటేనని అప్పుడర్థమైంది.

లెక్క నేర్పడం ఎట్లాగో నాకు చూపించింది మా ఆయా యాదమ్మ. ఆమెకు సంతకం పెట్టడం కూడా రాదు. అన్నాల వేళ ఆమె ఎవరో ఒక పిల్లను పిలిచేది. "బిడ్డా, ఎందరు కూసున్నరో చూడు. ఒక్కొక్కళ్ల ముంగట ఒక్కొక్క పళ్లెం పెట్టు. తక్కువ పడితె అడుగు, మిగిల్తె వాపస్ తే." ఆ పిల్ల పళ్లాలు పట్టుకుని పోయేది, మధ్యలో ఆగేది, వెనక్కి చూసేది, మళ్లీ వచ్చి "ఆయమ్మా, ఇంకా రెండు" అనేది. ఎవరూ దిద్దలేదు. పళ్లెం లేని పిల్ల ఏడుపు మొహమే ఆ పిల్లను దిద్దింది. నేను గుమ్మంలో నిలబడి చూస్తుండిపోయాను.

అప్పటినుంచి నా పాఠం మారిపోయింది. మలక్‌పేట గంజ్ నుంచి చింతగింజలు తెప్పించాను. క్లాసులో పిల్లలెందరో అన్ని గింజలు పళ్లెంలో పోసి పెట్టేదాన్ని. పొద్దున రాగానే ప్రతి పిల్లా అందులోంచి ఒక్క గింజ తీసి మట్టిముంతలో వెయ్యాలి. అదే మా హాజరు. పళ్లెంలో మిగిలిన గింజలు ఆ రోజు రాని పిల్లలు. "టీచర్, మూడు మిగిలినయ్!" అని అందరూ కలిసి కేక పెట్టేవాళ్లు. డబ్బాలకు మూతలు వెతికేవాళ్లం, చెప్పులు జతలు చేసేవాళ్లం, మెట్లెక్కుతూ లెక్కపెట్టేవాళ్లం. పెన్సిలు జోలికి పోలేదు. మీరూ పోకండి, తొందరేం లేదు.

ఇంకో మాట. తప్పు అనే మాట నేను మానేశాను. పిల్ల ఏదైనా వస్తువును సరైన చోట పెడితే రెండు చప్పట్లు కొట్టేదాన్ని. పెట్టకపోతే ఊరుకునేదాన్ని. ఆ రెండు చప్పట్ల కోసం పిల్లలు ప్రాణం పెట్టేవాళ్లు. వస్తువు పెట్టేసి నా చేతుల వైపు చూసేవాళ్లు.

గీత ఆట

నాకు బాగా పేరు తెచ్చిన ఆట ఇది. నేల మీద సుద్దముక్కతో గోడ నుంచి గోడ దాకా గీత గీసేదాన్ని. "పొద్దున ఇడ్లీ తిన్నోళ్లు ఇటు, దోశ తిన్నోళ్లు అటు!" పిల్లలు పరిగెత్తి రెండు వరుసలయ్యేవాళ్లు. తర్వాత అటువాళ్లూ ఇటువాళ్లూ గీత మీదుగా చేతులు పట్టుకోవాలి. ఎవరికి చెయ్యి దొరకలేదో వాళ్ల వరుస ఎక్కువన్నమాట. అంకె ఒక్కటి పలకకుండానే ఎక్కువ తక్కువలు, ఎంత తేడా అనేది, అన్నీ వచ్చేసేవి.

మొదట్లో కొందరు అల్లరికి గీత మీదే నిలబడేవాళ్లు. తోపులాటయ్యేది, లెక్క చెడిపోయేది. అందుకని నియమం పెట్టాను: గీత మీద నిలబడకూడదు, నిలబడితే ఔట్. పిల్లలు దాన్ని నాకన్నా గట్టిగా పట్టుకున్నారు.

నవ్య

నవ్య చేరినప్పుడు మాట్లాడేది కాదు. వాళ్ల నాన్న శ్రీశైలం దేవరకొండ దగ్గరివాడు, ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. అమ్మ పద్మజది రేపల్లె, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పేది. ఇద్దరూ ఇష్టపడి చేసుకున్నారు. ఇంట్లో నాన్న ఒకలా, అమ్మ ఒకలా మాట్లాడతారు కాబట్టి పిల్లకు మాటలు ఆలస్యమయ్యాయని ఎవరో డాక్టరు అన్నాడట. నాకైతే అలా అనిపించలేదు. అది ప్రతిదీ చూసి, తూచి, ఆనక నోరు విప్పే రకం.

మూడు నెలలు గింజలతోనే మాట్లాడుకున్నాం. నేను రెండు పెడితే తను రెండు పెట్టేది. నేను ఒకటి దాస్తే నా పిడికిలి విప్పేది. ఒకరోజు హాజరు వేళ పళ్లెంలోకి చూసి, అందరికన్నా ముందు, "నాలుగు మిగిలాయి" అంది. తర్వాత కొంచెం ఆలోచించి, "నాలుగు మిగిలినయ్" అని కూడా అంది. రెండు భాషల్లో చెప్పిందన్నమాట! నేను దాన్ని ఎత్తుకుని ముద్దు పెట్టుకున్నాను. ఆ సాయంత్రం పద్మజ ఆనందంతో ఏడ్చేసింది. "మీ రుణం తీర్చుకోలేనండీ" అంది. ఆ మాట ఇప్పుడు తలుచుకుంటే ముల్లులా గుచ్చుకుంటుంది.

ఒకసారి గుండీలు వేరుచేసే ఆట పెట్టాను. చేతికేసుకునే పెద్ద గాజులు రెండు నేల మీద పెట్టి, ఒకదాంట్లో ఎర్ర గుండీలు, ఇంకోదాంట్లో పెద్ద గుండీలు వెయ్యాలన్నాను. నవ్య చేతికి పెద్ద ఎర్ర గుండీ వచ్చింది. చాలాసేపు చూసింది. తర్వాత ఒక గాజును ఇంకో గాజు మీదికి కొంచెం ఎక్కించి, ఆ మధ్యలో పడిన చోట గుండీ పెట్టింది. నా చేతుల వైపు చూసింది. నేను చప్పట్లు కొట్టలేదు. "ఆట ఖరాబ్ చెయ్యకు బిడ్డా, గాజులు జరపొద్దు" అని రెండింటినీ విడదీశాను. నాలుగున్నరేళ్ల పిల్ల నాకు పాఠం చెప్తే నేను వినిపించుకోలేదు. నా ఉద్యోగంలో నేను చేసిన మొదటి పెద్ద తప్పు అదే.

బస్సా, రైలా

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఎల్బీనగర్ చౌరస్తాలో షామియానా కింద దీక్షలు నడిచేవి. బంద్ అంటే చాలు, షట్టర్లు దిగిపోయేవి. మేం గేటుకు లోపలినుంచి తాళం వేసుకుని స్కూలు నడిపేవాళ్లం. సమ్మెలో శ్రీశైలం ఆఫీసు మానేసి షామియానాలో కూర్చునేవాడు. నేనూ ఉద్యమం మనిషినే. ఆదివారం ప్రార్థన కాగానే రోడ్డు మీద వంటావార్పులో కూర్చుని కూరగాయలు తరిగాను. దానికి నేనేం సిగ్గుపడను. మా ఊరి ఫ్లోరైడు బోరు నీళ్లు తాగీ తాగీ మా అన్న కాళ్లు వంకరపోయాయి. కృష్ణ నీళ్లు మా పక్కనుంచే పోతున్నా మా గొంతులోకి రాలేదు. ఆ మంట నాకుంది.

రాజ్యలక్ష్మి మేడమ్‌కు వేరే మంట. "ఇక్కడే పుట్టిన నా పిల్లల్ని ఎక్కడికి పొమ్మంటారండీ?" అనేది. అయినా మధ్యాహ్నం ఇద్దరం కలిసే తినేవాళ్లం. ఆమె గోంగూర పచ్చడి, నా పచ్చిపులుసు. ఆ సంగతులు మాత్రం అన్నం దగ్గర ఎత్తేవాళ్లం కాదు.

ఆ రోజు పంతొమ్మిది మంది పిల్లలు వచ్చారు. రోజులతరబడి సెలవులిచ్చాక మొదటి రోజు, అందరూ హుషారుగా ఉన్నారు. గీత ఆట ఆడదామన్నారు. నేను గీత గీసి, "సెలవులకు మీ ఊరికి దేంట్ల పోతరు? బస్సుల పోయేటోళ్లు ఇటు, రైళ్ల పోయేటోళ్లు అటు!" అన్నాను.

ఏమీ తెలియక అడిగానని చాలా ఏళ్లు అందరికీ చెప్పుకున్నాను. అబద్ధం. బస్సంటే మా నల్గొండ, సూర్యాపేట, దేవరకొండ వైపు వాళ్లు. రైలంటే గుంటూరు, తెనాలి, రాజమండ్రి. అది నాకు తెలుసు. అంతకుముందు రోజే షామియానాలో పాటలు విని వచ్చాను. ఏ వరుస పొడుగ్గా ఉంటుందో చూడాలని లోపల ఎక్కడో ఒక చిన్న ఆశ. అంతే, అంత చిన్నదే.

పిల్లలు పరిగెత్తారు. వరుసలు కాగానే వంశీ అనే పిల్లవాడు, "టీచర్, గా లైన్ మొత్తం ఆంధ్రోళ్లే!" అన్నాడు. అటునుంచి ఒక పిల్ల, "మీరేమో తెలంగాణోళ్లు!" అంది. ఇటువాళ్లు జై అంటే అటువాళ్లూ జై అన్నారు. టీవీలో చూసిన నినాదాలే. పిల్లలకు అది కూడా ఆటే, నవ్వుతూనే అరిచారు. నేను చేతులు పట్టుకోమన్నాను. ఇటు ఎంతమందో అటూ అంతేమంది. ఒక్క పిల్ల మిగిలింది.

నవ్య గీత మీద నిలబడి ఉంది.

"గీత మీద నవ్య! నవ్య ఔట్!" అని కేకలు మొదలయ్యాయి. నవ్య నా వైపు చూసి, "నానమ్మ ఊరికి బస్సు, టీచర్. అమ్మమ్మ ఊరికి రైలు" అంది. ఎంత స్పష్టంగా చెప్పింది! అంతకన్నా సరిగ్గా ఎవరు చెప్పగలరు?

నేనేమన్నానో తెలుసా? "గీత మీద నిలబడొద్దు బిడ్డా, నీకెరుకే కద. ఏదో ఒక దిక్కు పో."

అది కదల్లేదు. గీత మీద రెండు పాదాలూ దగ్గరగా పెట్టుకుని, తల వంచుకుని నిలబడింది. వెనక నుంచి కేకలు. నాకు విసుగొచ్చింది. భుజం పట్టుకుని బస్సు వరుసలోకి లాగాను. మా వరుస ఒకటి ఎక్కువైంది. "చూసిన్రా, ఇటు ఒకటి ఎక్కువ" అన్నాను. రెండు చప్పట్లు కూడా కొట్టాను.

అప్పుడు నవ్య కాళ్ల కింద తడి కనిపించింది. గౌనులోనే పోసుకుంది. యాదమ్మ వచ్చి ఎత్తుకుని, పోతూ పోతూ నా మొహంలోకి చూసింది. "గా పోరినెందుకు గుంజినవ్ టీచరమ్మా?" అంది. మేడమ్ తన గది గుమ్మంలో నిలబడి అంతా చూస్తోంది. "ఆ ఆట ఇంకెప్పుడూ ఆడించకండి సుగుణ గారూ" అంది, అంతే. ఆ మధ్యాహ్నం నుంచి చాలా రోజులు ఆమె తన గదిలోనే తలుపు వేసుకుని తింది.

ఒకటి మిగిలింది

మర్నాడు నవ్య రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. "టీచర్, ఒకటి మిగిలింది" అని పిల్లలు రోజూ పొద్దున్నే కేక పెట్టేవాళ్లు. అది నవ్య గింజ అని వాళ్లకూ తెలుసు, నాకూ తెలుసు. నేను నేర్పిన లెక్కే అది. మిగిలింది ఎవరో చూసి చెప్పడం.

వారం గడిచాక ఉండబట్టలేక వాళ్లింటికి పోయాను. పద్మజ ఒక్కతే ఉంది. కూర్చోమంది, మంచినీళ్లిచ్చింది. ఆ మర్యాదకు నాకింకా భయమేసింది.

"ఆ రోజు సాయంత్రం పాప మా హాల్లో సుద్దముక్కతో గీత గీసిందండీ" అంది. "నాన్నా, నువ్వు బస్సు లైను. అమ్మా, నువ్వు రైలు లైను. గీత మీద నిలబడకూడదు, నిలబడితే ఔట్ అంది. మేం నవ్వుతూనే నిలబడ్డాం. ఇద్దరూ చేతులు పట్టుకోండి అంది, పట్టుకున్నాం. ఇప్పుడు నేనెక్కడ నిలబడాలి అని అడిగింది. ఆయన రా నాన్నా, నా వైపు రా అన్నారు. నేనూ రమ్మన్నాను. సరదాకే అన్నామండీ. కానీ ఇద్దరం చెయ్యి వదల్లేదు, పిలవడమూ మానలేదు. నవ్వు ఎప్పుడు ఆగిపోయిందో తెలీదు."

"నాదే తప్పమ్మా" అన్నాను.

"మీ సుద్దముక్కదేం లేదులెండి" అంది పద్మజ. "షామియానాలో ఆయన స్నేహితులు మీ ఆవిడ ఎటువైపురా అని అడుగుతున్నారు. మా అన్నయ్యలు రోజూ ఫోన్లు. ఏడాదిగా పాప ముందు ఒక్క మాట రాకుండా నెట్టుకొచ్చాం. ఆ రోజు పాప ముందే అన్నీ అనేసుకున్నాం. దానికి మాత్రం గొడవ తన వల్లే వచ్చిందని బెంగ. తను గీత మీద నిలబడింది కదా, అందుకని."

నా సుద్దముక్క ఒక కాపురాన్ని విడగొట్టిందని అనుకునేంత గొప్ప నాకు లేదు. పెద్దవాళ్ల మధ్య గొడవ ఎప్పుడో మొదలైంది, నేను లేకపోయినా వచ్చేదే. కానీ ఆ పిల్లకు కనపడిన గీత నాది. ఔట్ అన్న మాట నాది. అది పీడకలగా వచ్చినా వచ్చేది నా గొంతుతోనే.

ఇప్పుడు మీకో మాట, ఇది రాసిపెట్టుకోండి. వస్తువుల్ని వేరుచేయడం లెక్కలకు మొదటి మెట్టు, నేర్పండి. గుండీలు, గింజలు, మూతలు, చెప్పులు, ఏవైనా సరే. పిల్లల్ని మాత్రం వేరుచేయకండి. ఒకవేళ ఇడ్లీ, దోశ అని చేసినా, రెండూ తిన్నవాళ్లకు ముందే చోటు గీసిపెట్టండి. తర్వాతి ఏళ్లలో నేను గీత మానేసి రెండు పెద్ద గుండ్రాలు గీసేదాన్ని, ఒకటి ఇంకోదాని మీదికి కొంచెం ఎక్కేటట్టు. ఆ మధ్య చోటు కోసమే పిల్లలు పోటీపడేవాళ్లు. చూసినవాళ్లు ఎక్కడ నేర్చుకున్నారు మేడమ్ అని అడిగేవాళ్లు. ఒక పిల్ల గాజులతో చేసి చూపించిందని చెప్పేదాన్ని. ఎవరో చెప్పేదాన్ని కాదు.

ఆటో ఆగి ఉంది

నెల తిరిగాక ఒక ఉదయం గేటు దగ్గర ఆటో ఆగింది. వెనకంతా సంచులు, సూట్‌కేసు. పద్మజ దిగి లోపలికొచ్చింది. నవ్య బట్టల జత, గ్లాసు, రంగుల పుస్తకం తీసుకోవడానికి వచ్చిందట. "రేపల్లె వెళ్తున్నామండీ. కొన్నాళ్లు అమ్మ దగ్గర ఉంటాం" అంది. కొన్నాళ్లంటే ఎన్నాళ్లో నేను అడగలేదు. శ్రీశైలం కనపడలేదు.

మేడమ్ పద్మజను తన గదిలోకి తీసుకుపోయింది. నేను ఆటో దగ్గరికి పరిగెత్తాను. నెల రోజులుగా ప్రార్థనలో కూడా ఒకటే అనుకుంటున్నాను. ఆ పిల్ల ఒక్కసారి కనపడితే చాలు, నీ తప్పేం లేదు, గీత మీద నిలబడొచ్చు, నీ ఇష్టమొచ్చినంతసేపు నిలబడొచ్చు అని చెప్పాలని. మాటలన్నీ వరుసగా కట్టిపెట్టుకున్నాను.

నవ్య సంచుల మధ్య కూర్చుని ఉంది. కొంచెం చిక్కింది. జుట్టు గట్టిగా రెండు జడలు వేశారు. నన్ను చూడగానే కిందికి దిగింది. భయపడుతుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. లేదు. మొహం విప్పారింది. ఏదో చెప్పాలని ఎన్నాళ్లుగానో దాచిపెట్టుకున్నట్టుంది.

నేను మోకాళ్ల మీద కూర్చుని, "బిడ్డా..." అన్నాను. ఆ ముక్క నోట్లోనే ఉంది, తను చెప్పేసింది.

"టీచర్, నేను రైలు లైన్లోకి వచ్చేశాను. నేనే వచ్చాను, ఎవరూ లాగలేదు. ఇప్పుడు గీత మీద లేను."

చెప్పి, రెండు కాళ్లూ దగ్గరగా పెట్టి నిలబడి, నా చేతుల వైపు చూసింది.

కట్టిపెట్టుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. గీత మీద నిలబడొచ్చని ఇప్పుడు చెప్తే, మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని ఆ పిల్ల అడగదు. వెనక్కి పోయి నిలబడదామని చూస్తుంది. నిలబడడానికి వాళ్లమ్మానాన్నల మధ్య ఇప్పుడు చోటేమీ మిగల్లేదు. పద్మజ సంచి పట్టుకుని గేట్లోంచి వస్తోంది. ఆటో డ్రైవరు, "అమ్మా, రైలు టైమైతుంది, జర జల్దీ" అంటున్నాడు. నవ్య ఇంకా నా చేతుల వైపే చూస్తోంది.

నేను రెండు చప్పట్లు కొట్టాను.